ఫ్రెంచ్ అకడమిక్ చిత్రకారుడి జీవితాన్ని చదవడం ఎలా? బూగ్రోతో మొదలుపెట్టండి

19వ శతాబ్దపు ఫ్రెంచ్ అకడమిక్ చిత్రకారుల గురించి నెట్‌లో వెతికితే ఎక్కువగా రెండు రకాల రాతలే తగులుతాయి. ఒకదాంట్లో వాళ్లంతా మోనే, సెజాన్ లాంటి కొత్త పద్ధతి చిత్రకారుల దారికి అడ్డంగా కూర్చున్న ముసలి పెత్తందార్లు. ఇంకోదాంట్లో వాళ్లే అసలు సిసలు కళాకారులు, వాళ్ల తర్వాత వచ్చిందంతా మోసం. రెండూ చదివి లేచాక ఆ మనిషి ఎక్కడ చదువుకున్నాడో, ఎలా బతికాడో, ఏ బొమ్మకి ఎవరు డబ్బిచ్చారో మాత్రం మీకు ఒక్క ముక్క తెలిసి ఉండదు. అందుకే ఈ గైడ్. ఒక చిత్రకారుణ్ణి ఎంచుకుని అతని జీవితాన్ని, కెరీర్‌ని సొంతంగా ఎలా చదువుకోవాలో చెబుతాను, ఉదాహరణకి విలియం-అడోల్ఫ్ బూగ్రోని తీసుకుంటున్నాను. అతనే ఎందుకంటే, ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో ఒక చిత్రకారుడు ఎక్కగలిగిన మెట్లు దాదాపు అన్నీ అతను ఎక్కాడు, పోయాక అంతే కిందకి జారాడు, మళ్లీ లేచాడు. పైగా అతని గురించిన కాగితాల్లో చాలావరకు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

నేను చెప్పేది ఒక్కటే, మిగతాదంతా దాని వివరణ. ఈ జీవితాన్ని గవర్నమెంటు ఉద్యోగి సర్వీసు రిజిస్టర్ తిరగేసినట్టు చదవండి. ఎక్కడ చేరాడు, ఏ పరీక్ష ఎన్నోసారికి గట్టెక్కాడు, ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, పై సంపాదన ఎక్కడిది. ప్రతిభ, ప్రేరణ, ఆత్మ లాంటి మాటలు తర్వాత. అవి ముందే తలకెక్కితే మిగతావేవీ కనపడవు.

పనికి కావాల్సింది ఒక నోట్‌బుక్. పేజీని మూడు నిలువు గళ్లుగా గీయండి: సంవత్సరం, సంస్థ, డబ్బు. ఇంటి విషయాలు, చావులు, పెళ్లిళ్లు మార్జిన్‌లో రాయండి, వాటిని గళ్లలో కలపొద్దు. ఎందుకో ఆ చోటికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ముందు మూడు సంస్థల్ని విడదీసుకోండి

"అకాడమీ" అనే మాట చాలామంది ఒకేసారి మూడు వేర్వేరు వాటికి వాడేస్తారు, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. మొదటిది అకాదెమీ. 1648లో రాజుగారి ఆధ్వర్యంలో పుట్టింది, విప్లవం తర్వాత రూపం మారి 1816 నుంచి అకాదెమీ దే బోజార్ అయింది. బూగ్రో కాలంలో అందులో చిత్రకారులకి ఉన్నవి 14 కుర్చీలే, అవి కూడా జీవితాంతం, ఒకరు పోతేనే ఇంకొకరికి చోటు. రెండోది బడి, అంటే పారిస్‌లోని ఎకోల్ దే బోజార్. ఇక్కడో విచిత్రం ఉంది, 1863 సంస్కరణల దాకా ఆ బడిలో రంగులు వేయడం నేర్పేవాళ్లు కాదు, డ్రాయింగే నేర్పేవాళ్లు. రంగుల పని నేర్చుకోవాలంటే బయట ఒక పేరున్న చిత్రకారుడి అతెలియేలో, అంటే ప్రైవేటు స్టూడియోలో చేరాల్సిందే. మూడోది సలోన్, ప్రభుత్వం పెట్టే భారీ ప్రదర్శన. అందులో బొమ్మ పెట్టాలంటే జ్యూరీ ఒప్పుకోవాలి. జ్యూరీలో తరచుగా కూర్చునేది అకాదెమీ వాళ్లే, పోటీల్లో బహుమతులిచ్చేదీ వాళ్లే. మూడూ వేర్వేరు గదులే గానీ తాళంచెవులు చాలావరకు ఒకళ్ల చేతిలోనే ఉండేవన్నమాట.

ఇంకోటి, బొమ్మల్లో కూడా కులభేదాలుండేవి. 17వ శతాబ్దంలో ఫెలిబియాన్ అనే రచయిత రాసిపెట్టిన వరుస ప్రకారం చరిత్ర, పురాణం, బైబిల్ దృశ్యాలు పైన, తర్వాత పోర్ట్రెయిట్, కిందికి పోయే కొద్దీ జంతువులు, ప్రకృతి దృశ్యం, చివర్లో పళ్లూ గిన్నెలూ. కుర్రాడు ఏ బొమ్మతో మొదలుపెట్టాడు, పేరొచ్చాక ఏ బొమ్మలకి దిగాడు అన్నది ఈ వరుస పక్కన పెట్టి చూస్తేనే అర్థమవుతుంది.

చిన్నతనంలో వెతకాల్సింది ఫీజు ఎవరు కట్టారన్నది

బాల్యం గురించి చదివేటప్పుడు "చిన్నప్పటి నుంచే బొమ్మలంటే పిచ్చి" అనే వాక్యం తగలగానే దాటేయండి, అది అందరికీ రాస్తారు. పారిస్ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో వెతకండి.

బూగ్రో 1825 నవంబర్ 30న అట్లాంటిక్ ఒడ్డున ఉన్న లా రోషెల్ రేవు పట్నంలో పుట్టాడు. నాన్నది వైన్ వ్యాపారం, అంత బాగా నడిచేది కాదు. పిల్లాణ్ణి చర్చి ఫాదర్‌గా ఉన్న బాబాయి యూజేన్ దగ్గరికి పంపారు, చదువు మీద, పురాణ కథల మీద ఇష్టం అక్కడే మొదలైంది. తర్వాత పోన్స్‌లోని బడిలో లూయీ సాజ్ దగ్గర డ్రాయింగ్. ఈ సాజ్ ఎవరో రాసుకోండి, పేరుమోసిన చిత్రకారుడు ఆంగ్ర్ శిష్యుడు. అంటే పల్లెటూరి బడిలోనే పిల్లాడికి ఆనాటి పెద్ద సంప్రదాయం చెయ్యి తగిలింది. కుటుంబం బోర్దోకి మారాక నాన్న ఆలివ్ నూనె వ్యాపారానికి దిగాడు. కుర్రాడు ఒకపక్క లెక్కలు రాస్తూ ఇంకోపక్క మునిసిపల్ డ్రాయింగ్ స్కూల్లో చదివి 1844లో మొదటి బహుమతి కొట్టాడు. జామ్ సీసాలకీ ఊరగాయల డబ్బాలకీ లితోగ్రాఫ్ (రాతి అచ్చు) లేబుళ్లు గీశాడు కూడా. పారిస్ వెళ్లడానికి డబ్బు కావాల్సొస్తే మళ్లీ బాబాయే ఆదుకున్నాడు, సాంతోంజ్ ప్రాంతంలోని తన పరిచయస్తులు అతని చేత పోర్ట్రెయిట్లు వేయించుకునేలా చేశాడు.

ఇది మూడో గడిలో రాసుకోండి: లేబుళ్లు, పల్లెటూళ్ల పోర్ట్రెయిట్లు. కొనేవాడి ఇష్టం ఏంటో చూసి గీయడం బూగ్రోకి 20 ఏళ్లలోపే అలవాటైంది. ముసలితనంలో అతన్ని తిట్టినవాళ్లు డబ్బుకి అమ్ముడుపోయాడన్నారు గానీ, ఆ దారిలో బయల్దేరినవాడు మధ్యలో కొత్తగా అమ్ముడుపోయిందేం లేదు.

పోటీలు: గెలిచిన ఏడాది కన్నా ఓడిన ఏడాదులు చూడండి

1846లో పారిస్. ఫ్రాన్స్వా-ఎదువార్ పికో అతెలియేలో చేరాడు, ఎకోల్‌లో సీటు కూడా వచ్చింది. 100 మందిని తీసుకుంటే ఇతను 99వ వాడని అతని జీవితచరిత్రల్లో చెబుతారు. తర్వాత అతని కళ్లన్నీ రోమ్ బహుమతి మీదే.

ఈ ప్రీ ద రోమ్ ఎలా నడిచేదో తెలియకుండా ఏ అకడమిక్ చిత్రకారుడి జీవితమూ అర్థం కాదు కాబట్టి కాస్త ఆగుదాం. 1663 నుంచి 1968 దాకా నడిచిన పోటీ ఇది. బూగ్రో రోజుల్లో పోటీదారు ఫ్రెంచివాడై ఉండాలి, మగవాడై ఉండాలి, పెళ్లి కాకూడదు, 30 దాటకూడదు. మొదట నూనె రంగుల్లో చిన్న స్కెచ్, తర్వాత నగ్న మోడల్ బొమ్మ, ఈ రెండూ దాటినవాళ్లకి అసలు పరీక్ష. ఇచ్చిన కథకి ముందుగా ఒక స్కెచ్ వేసి అప్పజెప్పాలి, ఆ తర్వాత లోజ్ అనే చిన్న గదిలో 70 రోజుల పైచిలుకు పనిచేసి పెద్ద బొమ్మ పూర్తి చేయాలి. మధ్యలో మనసు మారి మొదటి స్కెచ్‌ని వదిలేసి ఇంకోలా వేస్తే ఔట్. అంటే మొదటి రోజు ఆలోచించిందే చివరిదాకా మోయాలి. ఈ కుర్రాళ్ల బొమ్మల్లో ఏదీ అప్పటికప్పుడు తోచినట్టు ఎందుకుండదో ఇప్పుడు తెలుస్తుంది కదా.

బూగ్రోకి మొదటి రెండు ప్రయత్నాల్లో పని కాలేదు. 1850లో దక్కింది, పోల్ బోద్రీ అనే మరో చిత్రకారుడికి కూడా అదే ఏడాది. ఆ సంవత్సరం ఇచ్చిన కథ జెనోబియా అనే రాణిది. భర్త పొడిచి అరాక్సెస్ నదిలో పడేస్తే గొర్రెల కాపరులు చూసి కాపాడతారు. బహుమతి అంటే పతకం ఒక్కటే అనుకునేరు, రోమ్‌లోని విల్లా మెదిచీలో ప్రభుత్వ ఖర్చుతో కొన్నేళ్ల నివాసం. ఊరికే ఉంచరు, ఏటేటా పని పారిస్‌కి పంపాలి. 1851 నుంచి 1854 దాకా అక్కడుండి రఫాయేల్‌నీ ఇతర ఇటలీ చిత్రకారుల్నీ నకలు తీస్తూ గడిపాడు.

మీ నోట్‌బుక్‌లో ఈ దశకి ఒక వరుస చాలదు. ప్రతి ప్రయత్నం ఒక వరుస.

ఒక బొమ్మ దగ్గర అరగంట కూర్చోండి

ఇప్పుడు కాగితాలు పక్కన పెట్టి ఒక్క బొమ్మ తెరవండి: "దాంతే, వర్జిల్", 1850, ఇప్పుడు పారిస్ ఒర్సే మ్యూజియంలో ఉంది. దాదాపు 281 సెంటీమీటర్ల ఎత్తు, 225 వెడల్పు. ఫోన్‌లో చూస్తే ప్రయోజనం లేదు, ఎంత పెద్ద స్క్రీన్ దొరికితే అంత పెద్దదాంట్లో, పెద్ద రిజల్యూషన్ ఫైలు వేసుకుని చూడండి.

ఇటలీ కవి దాంతే నరకవర్ణనలో 30వ సర్గ, పాత రోమన్ కవి వర్జిల్ దారి చూపిస్తుంటే దాంతే నరకం చూస్తూ వెళ్తుంటాడు. ఎనిమిదో వలయంలో మోసగాళ్లుంటారు, అందులో జాన్ని స్కిక్కి అనేవాడు కపోక్కియో అనే రసవాది గొంతు కొరుకుతుంటాడు. బొమ్మలో ముందుభాగమంతా వీళ్లిద్దరి ఒళ్లే. కొరికేవాడి మోకాలు రెండోవాడి నడుము వెనక దిగబడి ఉంటుంది, చేతివేళ్లు పక్కటెముకల దగ్గర చర్మాన్ని పట్టి లాగితే మడతలు పడతాయి. అక్కడ జూమ్ చేయండి. అసలు మనిషి ఒంట్లో అంతలా ఉబ్బని కండరాలు కూడా ఇక్కడ ఉబ్బుతాయి. దాంతే, వర్జిల్ ఇద్దరూ ఎడమవైపు వెనక్కి నెట్టబడి, చూసేవాళ్లుగా మిగిలారు. పైన గబ్బిలం రెక్కల దయ్యం ఒకటి చేతులు కట్టుకుని నవ్వుతోంది.

ఇప్పుడు మీ గళ్ల పేజీతో కలిపి చూడండి. 25 ఏళ్లు నిండబోతున్నవాడు, రెండుసార్లు పోటీలో ఓడినవాడు, సలోన్‌కి పంపిన బొమ్మ ఇది. ఎంత పెద్ద కాన్వాస్ అయినా నింపగలను, ఎముకా కండా ఏ భంగిమలోనైనా గీయగలను, సాహిత్యం చదివాను అని మూడూ ఒకేసారి చాటుతున్నాడు. విమర్శకుడు గోతియే మెచ్చుకున్నాడు. నాకైతే ఇది అతని మంచి బొమ్మల్లో ఒకటి, కాస్త అతి ఉన్నా సరే. అతని పేరు చెబితే గుర్తొచ్చే మెత్తటి వీనస్‌లూ మన్మథులూ ఇందులో లేరు. ఈ భయానకమూ వీరమూ డబ్బు తెచ్చిపెట్టవని తర్వాత తనే ఒప్పుకున్నట్టు చెబుతారు.

టెక్నిక్ విషయానికొస్తే, అతని పద్ధతి చాలా వరకు బయటికి తెలిసిందే. ముందు చేతికొచ్చినట్టు చిన్న గీతలు, తర్వాత రంగులు ఎలా పడతాయో చూసుకోవడానికి నూనె స్కెచ్, ఆపైన మోడల్‌ని పెట్టుకుని ఒక్కో మనిషికీ, బట్ట మడతలకీ, ఆకులకీ విడివిడిగా డ్రాయింగులు, వాటన్నిటినీ కలిపి అసలు సైజులో కార్టూన్ (నవ్వించే బొమ్మ కాదు, కాన్వాస్ మీదికి దించుకునే పూర్తి డ్రాయింగ్), అప్పుడు కాన్వాస్. అందుకే పూర్తయిన బొమ్మలో దిద్దుళ్లు కనపడవు, దిద్దుళ్లన్నీ కాగితం మీదే అయిపోయాయి. ఏ బొమ్మ చూస్తున్నా మూడు చోట్ల జూమ్ చేయండి: అరికాళ్లు లేదా చేతివేళ్లు, చర్మం నీడలోకి తిరిగే అంచు, వెనకాల చెట్లు. చర్మం దగ్గర కుంచె జాడ దాదాపు దొరకదు, చెట్ల దగ్గర చెయ్యి వదులవుతుంది. సంతకం కూడా చూడండి, ఇంటిపేరులో యూ అక్షరం బదులు పాత రోమన్ శిలాశాసనాల్లో లాగా వీ అక్షరం పెడతాడు, పక్కన సంవత్సరం వేస్తాడు. బొమ్మలకి తేదీలు వేసుకోవడానికి మీకిది చాలా ఉపయోగం.

సలోన్ పుస్తకం చదవడం నేర్చుకోండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే పని చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. ప్రతి సలోన్‌కీ ఒక చిన్న కేటలాగ్ అచ్చేసేవాళ్లు, లివ్రే అంటారు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా సైట్‌లో వీటి స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. ఫ్రెంచ్ రాకపోయినా ఫర్వాలేదు, ఎంట్రీలన్నీ ఒకే మూసలో ఉంటాయి: ఇంటిపేరు, పుట్టిన ఊరు, ఎవరి శిష్యుడు, అప్పటిదాకా వచ్చిన పతకాలు, పారిస్ అడ్రస్, ఆపైన బొమ్మల నంబర్లూ పేర్లూ.

ఒక్కడికే సంబంధించిన ఎంట్రీలు పదేళ్ల తేడాలతో పక్కపక్కన పెట్టండి, అతని కెరీర్ కళ్లముందు కదులుతుంది. పతకాల వరుస పెరుగుతుంది, అడ్రస్ మారుతుంది. బూగ్రో 1860ల్లో మోంపర్నాస్ దగ్గర నోత్ర్-దామ్-దే-షాం వీధిలో సొంత ఇల్లూ స్టూడియో కట్టుకుని చివరిదాకా అక్కడే ఉన్నాడు. గురువు పేరు మాత్రం మారదు, ఎంత పెద్దవాడైనా "పికో శిష్యుడు" అనే ఉంటుంది. పతకాలు తగినన్ని వచ్చినవాళ్లని ఓర్ కోంకూర్ అనేవాళ్లు, వాళ్ల బొమ్మలు జ్యూరీ ముందుకి వెళ్లకుండానే లోపలికి పోతాయి. ఆ మెట్టు ఎప్పుడెక్కాడో కనిపెట్టండి, చాలామంది చిత్రకారులు ఆ తర్వాతే నిశ్చింతగా ఒకే రకం బొమ్మలు వేయడం మొదలుపెడతారు. తిరస్కరించిన బొమ్మలకి వెనకాల ఆర్ అక్షరం ముద్ర కొట్టి పంపేవాళ్లు, కొనేవాళ్లు ఆ ముద్ర చూస్తే ఏమనుకుంటారో వేరే చెప్పాలా. 1880 సలోన్‌లో 7 వేలకు పైగా పనులున్నాయి, గోడల మీద కింద నుంచి పైకప్పు దాకా. అంత గుంపులో కళ్లపడాలంటే బొమ్మ పెద్దదైనా ఉండాలి, గిలిగింతలైనా పెట్టాలి.

లెజియన్ దొనర్ అనే ఫ్రెంచ్ ప్రభుత్వ బిరుదుల కోసం లేయోనోర్ అనే ఆన్‌లైన్ డేటాబేస్ ఉంది, బిరుదు పొందినవాళ్ల ఫైళ్లు అందులో పెట్టారు. బూగ్రోకి 1859లో మొదటి మెట్టు, 1876లో ఆఫీసర్, 1885లో కమాండర్, 1903లో గ్రాండ్ ఆఫీసర్. అకాదెమీకి ఎన్నికైంది 1876లో, అంటే రోమ్ బహుమతి తర్వాత పాతికేళ్లకి.

డబ్బు గడి నింపడం

చరిత్రకారులు ఎక్కువగా తప్పించుకునే గడి ఇది, నాకు మాత్రం ఇదే అసలు కథ. 1850ల్లో అతని ఆదాయం గోడల మీద నుంచి వచ్చింది: పారిస్ ధనవంతుల భవనాల అలంకరణ, సాంత్-క్లోతిల్ద్ చర్చిలో చాపెల్ పని, 1856 వరదల్లో చక్రవర్తి మూడో నెపోలియన్ తారాస్కోన్ ఊరి బాధితుల్ని పరామర్శించిన దృశ్యం కోసం ప్రభుత్వ ఆర్డరు. ఆ చివరి బొమ్మ చూడండి, సమకాలీన సంఘటన అతని చేతిలో ఎంత బిగుసుకుపోతుందో తెలుస్తుంది. అలాంటివి అతను మళ్లీ పెద్దగా ముట్టుకోలేదు.

తర్వాత డీలర్లు వచ్చారు. మొదట దురాన్-ర్యుయేల్ (అవును, తర్వాత మోనే లాంటి ఇంప్రెషనిస్టుల్ని భుజాన మోసినాయనే), 1866 నుంచి అడోల్ఫ్ గూపిల్. గూపిల్ వ్యాపారం తెలివంతా నకళ్లలో ఉంది. ఒక బొమ్మ కొంటాడు, దాని ఎన్‌గ్రేవింగులూ ఫోటోలూ చిన్నా పెద్దా సైజుల్లో అచ్చేసి పలు దేశాల్లో అమ్ముతాడు. అతని హేగ్ బ్రాంచిలో 1869లో పనికి చేరిన ఒక కుర్ర గుమస్తా పేరు విన్సెంట్ వాన్ గో. బూగ్రో బొమ్మల్లో తల్లులూ పిల్లలూ, చెప్పుల్లేని పల్లె పిల్లలూ, గొర్రెలు కాసే అమ్మాయిలూ పెరిగిపోవడానికీ ఈ మార్కెట్‌కీ ఉన్న లంకె తేదీలు రాసుకుంటే మీకే కనపడుతుంది. అంతర్యుద్ధం ముగిశాక డబ్బు చేసిన అమెరికన్లు ఇలాంటివాటిని ఎగబడి కొన్నారు.

గూపిల్ కంపెనీ స్టాక్ పుస్తకాలు లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. బొమ్మ ఎప్పుడొచ్చింది, ఎవరికి, ఎంతకి పోయింది అన్నీ చేతిరాతలో ఉంటాయి. ధరల్ని ఇప్పటి డబ్బులోకి మార్చే పని పెట్టుకోకండి, అది ఎప్పటికీ సరిగ్గా తేలదు. ఆ రోజుల్లో పారిస్ కూలివాడికి రోజుకి సుమారు 3 నుంచి 5 ఫ్రాంకులు వచ్చేవని గుర్తుపెట్టుకుని, బొమ్మ ధర ఎన్నేళ్ల కూలి అవుతుందో లెక్కేసుకోండి, చాలు.

ఒక బొమ్మ ప్రయాణం చివరిదాకా పట్టుకుంటే సరదాగా ఉంటుంది. 1873 నాటి "వనకన్యలు, సాటిర్" (సాటిర్ అంటే గ్రీకు పురాణాల్లో సగం మనిషి, సగం మేక) బొమ్మని అమెరికన్ సేకర్త జాన్ వుల్ఫ్ కొన్నాడు. 1882లో వేలంలో చేతులు మారి న్యూయార్క్‌లోని హాఫ్‌మన్ హౌస్ హోటల్ బార్ గోడ ఎక్కింది. సలోన్‌లో మర్యాదస్తులు చూసిన బొమ్మని అక్కడ సిగార్లు కాలుస్తూ చూశారు. 1901 తర్వాత గోడౌన్ పాలైంది, 1942లో రాబర్ట్ స్టెర్లింగ్ క్లార్క్ కొన్నాడు, ఇప్పుడు అమెరికాలోని విలియమ్స్‌టౌన్‌లో క్లార్క్ మ్యూజియంలో ఉంది. బొమ్మ అదే, చోటు మారినప్పుడల్లా దాని మీద అభిప్రాయం మారింది.

మార్జిన్‌లో రాసుకున్నవి

ఇంటి విషయాలు పక్కన రాయమన్నది ఎందుకంటే, బొమ్మల్ని జీవితంతో ముడిపెట్టే సరదా అందరికీ ఉంటుంది, అది సగంసార్లు దారి తప్పిస్తుంది. బూగ్రో మొదటి భార్య నెల్లీ మోన్‌షాబ్లోన్, ఐదుగురు పిల్లలు. వాళ్లలో నలుగురు అతని కళ్లముందే పోయారు. 1875లో 16 ఏళ్ల జార్జ్ పోయాడు, 1877లో భార్య, అదే ఏడాది పసిబిడ్డ. 1876 నాటి "పియెతా" (చనిపోయిన క్రీస్తుని పట్టుకున్న మేరీ), 1877 నాటి "ఓదార్చే కన్య మేరీ" ఈ దెబ్బల మధ్యలో వేసినవి. రెండోదాంట్లో ఒక తల్లి మేరీ ఒళ్లో బోర్లా పడిపోయి ఉంటుంది, చనిపోయిన బిడ్డ కింద మెట్టు మీద. ఇక్కడ ముడిపెట్టడం న్యాయమే. కానీ అదే ఊపులో ప్రతి తల్లీబిడ్డ బొమ్మనీ అతని శోకంగా చదివితే తప్పు, అలాంటివి చావులకి ముందూ వేశాడు, కొనేవాళ్లున్నారు కాబట్టి వేశాడు. తేదీ కుదిరితేనే గీత గీయండి.

రెండో పెళ్లి కథ వేరు. ఎలిజబెత్ గార్డ్‌నర్ అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ నుంచి పారిస్ వచ్చిన చిత్రకారిణి, 1868 నుంచే సలోన్‌లో బొమ్మలు పెట్టింది. నెల్లీ పోయాక ఇద్దరూ పెళ్లి చేసుకుందామనుకున్నారు, బూగ్రో తల్లి ఒప్పుకోలేదు. ఆవిడ బతికున్నంత కాలం ఆగి 1896లో చేసుకున్నారు. అప్పటికి అతనికి 70 దాటాయి. గార్డ్‌నర్ కెరీర్‌కి కూడా విడిగా ఒక పేజీ తెరవండి, ఎందుకంటే ఆవిడకి ఎకోల్ తలుపు మూసే ఉంది. ఆడవాళ్లని అందులోకి రానిచ్చింది 1897లో, రోమ్ బహుమతికి 1903లో. ఈలోగా వాళ్లకి దిక్కు అకాదెమీ జూలియన్ లాంటి ప్రైవేటు చోట్లు, ఫీజు కడితే ఆడవాళ్లు కూడా మోడల్‌ని చూసి గీయొచ్చు. బూగ్రో 1875 నుంచి అక్కడే పాఠాలు చెప్పాడు. సిసిలియా బో, లోవిస్ కోరింత్ అక్కడ అతని దగ్గర నేర్చుకున్నారు, 1891లో మాటిస్ కూడా వచ్చి కొన్నాళ్లకే వెళ్లిపోయాడు.

పెత్తనం, తిట్లు

1881లో ప్రభుత్వం సలోన్ బాధ్యత వదిలించుకుంటే సొసియెతే దే జార్తిస్త్ ఫ్రాన్సే అనే సంఘం దాన్ని తీసుకుంది. చిత్రకళ విభాగానికి పెద్ద బూగ్రో. జ్యూరీల్లో అతని మాటకి బరువుండేది. సెజాన్ ఆ ప్రదర్శనని బూగ్రో గారి సలోన్ అని ఎత్తిపొడిచాడు, దెగా బృందంలో నున్నటి ఫినిషింగ్‌కి అతని పేరే తిట్టయింది. ఇవి అందరూ రాసేవే. ఎక్కువమంది వదిలేసేది 1890 చీలిక. 1889 ప్రపంచ ప్రదర్శనలో పతకాలొచ్చిన వాళ్లందరినీ జ్యూరీ లేకుండా సలోన్‌లోకి రానివ్వాలని చిత్రకారుడు మెసోనియే వర్గం పట్టుబట్టింది, అలా చేస్తే కొత్త కుర్రాళ్లకి గోడ మీద చోటే ఉండదని బూగ్రో అడ్డుపడ్డాడు. మెసోనియే, ప్యువీ ద షవాన్, రోదాఁ లాంటివాళ్లు బయటికి పోయి వేరే సలోన్ పెట్టుకున్నారు. అంటే తెరిచే వర్గం, మూసే వర్గం అని గీత గీసి బూగ్రోని ఒక పక్కకి తోసేయడం కుదరదు. 1883 నుంచి కష్టాల్లో ఉన్న కళాకారుల్ని ఆదుకునే టేలర్ సంఘానికి కూడా అతనే అధ్యక్షుడు. అలాగని ఇంప్రెషనిస్టుల విషయంలో అతను గుడ్డివాడు కాదనను, వాళ్లు చూపించినదేదీ అతనికి పట్టలేదు.

1905 ఆగస్టు 19న లా రోషెల్‌లో, పుట్టిన ఊళ్లోనే పోయాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు మ్యూజియంలు అతన్ని గోడల మీద నుంచి దించి స్టోర్లలో పెట్టాయి. 1984లో పారిస్ పెతీ పలే మ్యూజియంలో పెద్ద ప్రదర్శన జరిగింది, అది మోంట్రియల్, హార్ట్‌ఫోర్డ్‌లకి కూడా వెళ్లింది. "దాంతే, వర్జిల్" ఒర్సేకి చేరింది 2010లో. ఈ తేదీలకి విడిగా ఒక వరుస పెట్టండి, అవి చిత్రకారుడి గురించి కన్నా చూసేవాళ్ల గురించి చెబుతాయి.

రెండో పేరు ఎవరిది?

బూగ్రో ఒక్కడి దగ్గరే ఆపితే అతనే ప్రామాణికం అనిపిస్తుంది, కాబట్టి ఇదే పేజీ మీద ఇంకొకర్ని నింపండి. కబానెల్ మరీ దగ్గరివాడు, రోమ్ వెళ్లాడు, 1863లో అతని "వీనస్ జననం"ని మూడో నెపోలియనే కొన్నాడు, అదే ఏడాది అకాదెమీ కుర్చీ. తేడాలు తక్కువ కాబట్టి నేర్చుకునేదీ తక్కువ. జెరోమ్ మేలు. 1824లో వెసూల్‌లో పుట్టాడు, రోమ్ బహుమతి రాలేదు, 1847 సలోన్‌లో "కోడిపందెం" బొమ్మతో ఒక్కసారిగా పేరొచ్చింది. 1863లో గూపిల్ కూతురు మరీని పెళ్లి చేసుకున్నాడు, మరుసటేడు ఎకోల్‌లో ప్రొఫెసర్, 1865లో అకాదెమీ. అతని పేజీలో సంస్థ గడీ, డబ్బు గడీ, మార్జినూ 1863 దగ్గర ఒకదాంట్లోకొకటి వచ్చేస్తాయి, అక్కడ ఏది ఎక్కడ రాయాలో మీరే తేల్చుకోవాలి. అతను అయ్యాక మెసోనియేని తీయండి, ఎకోల్ గడప తొక్కకుండా, చిన్న చిన్న బొమ్మలతోనే అకాదెమీ దాకా వెళ్లాడు. అతని సలోన్ ఎంట్రీలు 1830ల నుంచే గాలికాలో వెతకడం మొదలుపెట్టండి.